నాలుగు సూదులు, ఒక ఊలు ఉండ



ఆగమనకాలం మొదలైందంటే మన విచారణల్లో అందరి కాళ్లూ బజారువైపే నడుస్తాయి. నక్షత్రం కొనాలి, రంగు కాగితాలు కొనాలి, పశువులపాకకు గడ్డి, దూది, చిన్న బల్బులు కొనాలి. గురువులకు కూడా ఈ తిరుగుడు తప్పదు. ఈ వారం మీతో అటువంటి బజారులోని ఒక ఊలు కొట్టును గురించి, అక్కడ నేను నేర్చుకున్న ఒక పాఠాన్ని గురించి మాట్లాడాలని ఉంది. అది నాకు గౌరవం తెచ్చే పాఠం కాదు. అయినా చెబుతాను.

కొన్నేళ్ల క్రితం అనంతపురం జిల్లాలో ఒక చిన్న ఊరి విచారణను చూసుకుంటున్న రోజుల్లో, అక్కడి బస్టాండు వెనుక సందులో ఒక ఫ్యాన్సీ కొట్టు ఉండేది. సంవత్సరంలో పదినెలలు అది గుండీల కొట్టు. జిప్పులు, చీర ఫాల్సులు, బడిపిల్లల రిబ్బన్లు, గాజులు, రవికల లైనింగు గుడ్డ, ఇవే బేరం. కార్తీకం సగం గడిచి చలిగాలి తిరిగిందో లేదో, కొట్టు భాయి అటక మీది అట్టపెట్టెలు దించి ఊలు ఉండలను గుమ్మం ముందు వరుసగా పేర్చేవాడు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, బాలింతలకు ఇష్టమైన లేత గులాబీ. పక్కనే ఒక డబ్బా నిండా అల్లిక సూదులు. ఎనిమిదో నంబరు, పదో నంబరు, పన్నెండో నంబరు. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నమవుతుందని నాకు చెప్పినది ఆయనే.

ఆ రెండు నెలలూ ఆ గుమ్మం ముందు ఊరంతా కనబడేది. మాల వేసుకున్న అయ్యప్ప స్వాములు మఫ్లర్లకోసం వచ్చేవారు. కాన్పుకు కూతురిని తెచ్చుకున్న తల్లులు వచ్చేవారు. మన మఠకన్యలు బాలయేసు స్వరూపానికి చిన్న చొక్కా అల్లడానికి తెల్ల ఊలు కొనేవారు. బస్సులో కూర్చుని కూడా చేతులాడించే ఒక టీచరమ్మ, దారి పొడవునా ఎన్ని వరుసలు అయ్యాయో లెక్కచెప్పి మరీ కొనేది. అనంతపురంలో చలేమిటని కోస్తా వైపు నుంచి వచ్చిన ఒక గురువుగారు నవ్వేవారు. చెట్టూ చేమా అడ్డులేని ఈ మెట్ట మీద డిసెంబరు నెల తెల్లవారుజామున ఐదున్నర పూజ ఒక్కటి చేశాక ఆయన నవ్వడం మాని, భాయి దగ్గర గోధుమరంగు మఫ్లరు కొనుక్కున్నారు.

ఇక్కడ ఒక చిత్రం చెప్పాలి. ఆ కొట్టులో ఊలు అని అమ్మేదానిలో చాలా భాగం గొర్రె ముఖం చూసినది కాదు. అది అక్రిలిక్. పెట్రోలియం నుంచి రసాయనాలతో తీసే దారం. లూధియానా మిల్లుల్లో తయారై ఇంత దూరం వస్తుంది. ఆ ఉండలు అమ్ముతున్న కొట్టు ముందు నుంచే రోజూ సాయంత్రం గొర్రెల మందలు దుమ్ము రేపుకుంటూ పోయేవి! గొర్రెలకు పేరుపడ్డ సీమలో ఉంటూ మనం గొర్రె లేని ఊలు కట్టుకుంటున్నాము.

ఎందుకిలా అయింది? మన కురుబ సోదరుల ఇళ్లలో పెద్దవాళ్లను అడగండి, చెబుతారు. దక్కను గొర్రె ఉన్ని ముతకది, నల్లనిది. ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, ఏకి, ఆడవాళ్లు వడికితే, మగవాళ్లు గుంతమగ్గం మీద కంబళి నేసేవారు. పడుగుకు చింతగింజల గంజి పట్టించేవారు. రంగు అక్కరలేదు, గొర్రె రంగే కంబళి రంగు. వాన పడితే నీళ్లు జారిపోతాయి. కాపరికి అదే గొడుగు, అదే పరుపు, అప్పుడే పుట్టిన పిల్లను చుట్టి తెచ్చుకునే గుడ్డ కూడా అదే. కానీ మాంసానికి ధర పెరిగింది, ఉన్నికి ధర పడిపోయింది. ఒంటిమీద ఉన్ని లేని, త్వరగా బరువెక్కే నెల్లూరు జాతి పొట్టేళ్లు మందల్లోకి వచ్చాయి. ఉన్ని అమ్మితే కత్తిరించినందుకు కూలి కూడా రావడం లేదని కాపరులు అంటారు. మగ్గాలు ఒక్కొక్కటే మూలపడ్డాయి. 'ఎక్కడ వేసిన గొంగళి అక్కడే' అని మనం సామెత చెప్పుకుంటాము గాని, నిజానికి ఇప్పుడు ఆ గొంగళి వేసిన చోట కూడా లేదు.

వేరుశనగ పీకిన తరువాత డిసెంబరు నెలలో, ఎరువుకోసం రైతులు తమ చేలల్లో మందలను కట్టించుకుంటారు. కాపరులు రాత్రంతా ఆ చేనులోనే, ఆ చలిలోనే కాపలా ఉంటారు. పునీత లూకాగారి సువిశేషం రెండవ అధ్యాయంలో దేవదూత ఎవరికి ప్రత్యక్షమయ్యాడో మీకు తెలుసు. అటువంటివారికే. మన గుడిలో థర్మోకోలు గొర్రెలు, దూది మంచు పెట్టుకుని పశువులపాక అలంకరిస్తున్న రాత్రి, మైలు దూరంలో అసలు గొర్రెల మధ్య అసలు కాపరి ఒకడు కంబళి కప్పుకుని కూర్చుని ఉంటాడు. మంచు ఎరుగని అనంతపురంలో దూది మంచు ఎందుకో నాకు ఎప్పటికీ అర్థం కాదు, కాని యువకుల ఉత్సాహానికి అడ్డుచెప్పే ధైర్యం నాకు లేదు.

శ్రీసభ ఉన్నిని ఎంత గౌరవిస్తుందో కూడా చెప్పనివ్వండి. అగ్రపీఠాధిపతులు పూజలో మెడచుట్టూ ధరించే తెల్లటి పట్టీని మీరు చూసే ఉంటారు. ఆరు నల్లని సిలువలు ఉంటాయి దానిమీద. పాల్లియం అంటారు. అది గొర్రెపిల్లల ఉన్నితో నేసినది. జనవరి 21న పునీత ఆగ్నెసమ్మ పండుగనాడు రోములో గొర్రెపిల్లలను ఆశీర్వదించే ఆచారం ఉంది. ఆ ఉన్నితో పాల్లియం నేసే పనిని పునీత సెసిలియమ్మ మఠంలోని బెనెడిక్టు సభ సిస్టర్లు తరతరాలుగా చేస్తూ వచ్చారు. 2008 నుంచి 2020 వరకు మన కర్నూలు మేత్రాసనాన్ని పాలించిన పూల అంతోనిగారు హైదరాబాదు అగ్రపీఠాధిపతులై, 2022లో కార్డినలు కూడా అయ్యారు. ఆ అగ్రపీఠానికి గుర్తు ఆ ఉన్ని పట్టీయే. తప్పిపోయిన గొర్రెను భుజాన మోసుకువచ్చే కాపరికి అది గుర్తు. ఎంత పెద్ద పదవికైనా చివరికి ఎవరో ఒక స్త్రీ చేతితో నేసిన ఉన్ని కావలసి వచ్చింది చూడండి.

ఇక నా సంగతికి వస్తాను.

ఆ సంవత్సరం మా విచారణ యువకులు ఒక మంచి ఆలోచన చేశారు. క్రీస్తు జయంతి నడిరాత్రి పూజకు పల్లెల నుంచి ట్రాక్టర్ల మీద వచ్చే చిన్నపిల్లలు చలికి వణుకుతుంటారు. వాళ్లకు నలభై ఊలు టోపీలు ఇద్దామన్నారు. కొని తెస్తే సులువు. కాని మన విచారణలోనే అల్లిక తెలిసిన ఒక అవ్వ ఉంది. పెళ్లికాక ముందు సిస్టర్ల దగ్గర నేర్చుకున్న పని. ఆమెకే ఇద్దామని నేను అన్నాను. విచారణ పెద్దల్లో ఒకరు, మంచి మనిషే, ఇలా అన్నారు: "అవ్వ ఎట్లాగూ ఊరకే కూర్చుని ఉంటుంది కదా ఫాదర్, కాలక్షేపానికి అల్లుతుంది. డబ్బెందుకు, పండక్కి ఒక చీర పెడదాము." నేను ఒప్పుకోలేదు. ఊలు మనమే కొనిచ్చి, టోపీకి యాభై రూపాయల చొప్పున చేతికూలి ఇవ్వాలని నిర్ణయించాను. నలభై టోపీలకు రెండువేలు. ఆ రాత్రి నా న్యాయబుద్ధికి నేనే మెచ్చుకున్నాను. ఆ మెచ్చుకోలు సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆ పెద్దమనిషి మాటను మాత్రం తేలికగా తీసుకోవద్దు. అది ఒక్కరి మాట కాదు. పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురం చుట్టుపక్కల ఊళ్లలో వేలమంది స్త్రీలు క్రోషియా సూదితో లేసు అల్లుతారు. పందొమ్మిదవ శతాబ్దంలో మిషనరీ కుటుంబాల స్త్రీలు నేర్పిన పని అది. ఆ లేసు సముద్రాలు దాటి పోతుంది. మన బలిపీఠపు వస్త్రాల అంచుకు కుట్టే లేసు కూడా అటువంటి చేతుల పనే. మరియా మీస్ అనే జర్మను పండితురాలు ఆ స్త్రీలను గురించి 1982లో ఒక పుస్తకం వ్రాసింది. ఇంటి చాకిరీ అంతా చేసుకుని, దానిపైన రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లేవారిని కూడా లోకం 'ఇంట్లో ఊరకే ఉండే గృహిణులు' అనే పిలుస్తోందని ఆమె చూపించింది. ఖాళీ సమయంలో చేసే పని అని పేరు పెట్టేస్తే, దానికి కూలి తక్కువ ఇచ్చినా ఎవరి మనస్సాక్షీ గుచ్చుకోదు. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. లేసుకు వచ్చిన గుర్తింపు అల్లినవారి కూలికీ రావాలి.

అవ్వ ఆగమనకాలం మొదటి వారంలో మొదలుపెట్టింది. ఒకటి రెండుసార్లు వాళ్ల వాకిట్లోకి వెళ్లి చూశాను. టోపీని రెండు సూదులతో బల్లపరుపుగా అల్లి పక్కలు కుట్టేయవచ్చునట. ఆమె అలా చేయదు. మూడు సూదుల మీద కుట్లు ఎక్కించి, నాలుగో సూదితో గుండ్రంగా తిప్పుకుంటూ పోతుంది. "అతుకు ఉంటే పిల్లోళ్లకు గుచ్చుకుంటాది సామీ" అంది.

ఆ మాటకు నాకు ఒక పటం గుర్తుకు వచ్చింది. 1400 ప్రాంతంలో మాస్టర్ బెర్ట్రామ్ అనే చిత్రకారుని పేరుమీద జర్మనీ దేశపు బుక్స్టెహూడె మఠంకోసం తయారైన బలిపీఠ పటం అది. ఇప్పుడు హాంబర్గు చిత్రశాలలో ఉంది. అందులో మరియమాత కూర్చుని నాలుగు సూదులతో ఒక చిన్న ఎర్రని అంగీ అల్లుతూ ఉంటుంది. పక్కన బాలయేసు ఆడుకుంటూ తల తిప్పి చూస్తాడు. అటువైపు దేవదూతలు సిలువను, ఈటెను పట్టుకుని వస్తూ ఉంటారు. ఆ అంగీ మెడ దగ్గరి వరుస అమ్మ చేతిలో ఇంకా పూర్తి కాలేదు. యోహానుగారి సువిశేషం 19వ అధ్యాయంలో, కుట్టు లేకుండా పైనుంచి కిందిదాకా ఒకటిగా నేసిన ప్రభువు అంగీకోసం సైనికులు చీట్లు వేసుకున్నారని ఉంది. తల్లి చేతి పని అది అని మన పూర్వికుల భక్తి సంప్రదాయం. నాలుగు సూదులతో గుండ్రంగా అల్లితేనే అతుకు ఉండదని ఆ చిత్రకారునికి తెలుసు, మా అవ్వకూ తెలుసు. వేదశాస్త్రం చదివిన నాకు ఆ వాకిట్లో తెలిసింది.

ఆగమనకాలం మూడవ ఆదివారం, సంతోషపు ఆదివారమని మనం పిలుచుకునే నాడు, పూజ అయ్యాక అవ్వ నలభై టోపీలు ఒక బియ్యపు సంచిలో తెచ్చి ఇచ్చింది. ఒక్కటి కూడా తక్కువ లేదు. నేను ఎంతో మెచ్చుకున్నాను. "పండుగ కానుకలు రాగానే నీ డబ్బు ఇచ్చేస్తాను అవ్వా" అన్నాను. "కానీ సామీ" అని వెళ్లిపోయింది.

ఆ వారంలోనే నేను టౌనుకు వెళ్లి గుడికి దీపాల తోరణాలు, పెద్ద నక్షత్రం తెచ్చాను. మూడువేల అయిదువందలు అయింది. అక్కడికక్కడే చెల్లించాను. ఎందుకంటే ఆ కొట్టువాడు అప్పు ఇవ్వడు.

డిసెంబరు 22న పశువులపాకకు రిబ్బను కావలసివచ్చి భాయి కొట్టుకు వెళ్లాను. ఆయన రిబ్బను కొలుస్తూ, మామూలుగా, ఏ ఎత్తిపొడుపూ లేకుండా అన్నాడు: "ఫాదర్ గారూ, మీ గుడి అవ్వ పోయిన వారం వచ్చింది. మనవడికి టోపీ అల్లాలంట, నీలంరంగు ఉండ ఒకటి కావాలంది. చేతిలో డబ్బు లేదంది. ఇరవయ్యేళ్లలో ఎప్పుడూ అప్పు అడిగిన మనిషి కాదు. తీసుకుపో అవ్వా, తరువాత ఇద్దువులే అన్నాను. కొంచెంసేపు చేతిలో పట్టుకుని, మళ్లీ పెట్టేసి పోయింది. గుడి డబ్బు రావాలంట కదా?"

ఒక ఊలు ఉండ. ఆమె చేతిమీదుగా నా గుడికోసం ఎన్నో ఉండలు నడిచాయి. మిగిలిన ముక్కలు కూడా సంచి అడుగున చుట్టిపెట్టి తిరిగి ఇచ్చింది. అందులోంచి ఒక్క మూర కూడా మనవడికి తీసుకోలేదు. నేను రిబ్బను చేతిలో పట్టుకుని ఆ గుమ్మంలో నిలబడిపోయాను.

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం మీద నేనే ఎన్నిసార్లు ప్రసంగించానో! పేదవాని కూలిని పొద్దు కుంకకముందే ఆనాడే ఇచ్చివేయాలని మోషే ఆజ్ఞ. అతడు దాని మీదనే ప్రాణం పెట్టుకుని ఉంటాడని, ఇవ్వకపోతే అతని మొర దేవునికి చేరుతుందని అక్కడ ఉంది. అదే అధ్యాయంలో ఇంకొక మాట కూడా ఉంది. బీదవాడు కప్పుకునే వస్త్రాన్ని తాకట్టు పెట్టుకుంటే రాత్రి పడకముందే తిరిగి ఇచ్చేయాలట. దేవుడు వస్త్రాన్నీ కూలినీ పక్కపక్కనే ఎందుకు పెట్టాడో నాకు ఆ గుమ్మంలో తెలిసింది. పునీత యాకోబుగారి లేఖ ఐదవ అధ్యాయంలో, పట్టి ఉంచిన కూలి తానే కేకలు వేస్తుంది. 1891లో 13వ లియో పోపుగారు తమ విశ్వలేఖ రేరుం నొవారుంలో, పనివాని కూలి ఎగవేయడం ఆకాశానికి మొరపెట్టే ఘోరమని వ్రాశారు. 2025లో ఎన్నికైన పోపుగారు 14వ లియో అనే పేరు పెట్టుకోవడానికి ఆ విశ్వలేఖ కూడా ఒక కారణమని తామే చెప్పారు. ఎగవేయడం వేరు, ఆలస్యం వేరు అని నా మనస్సు నాకు వకాల్తా పుచ్చుకుంది. వారం రోజులే కదా, తినలేదు కదా, ఇస్తానన్నాను కదా అని. మోషే ఇచ్చిన గడువు మాత్రం వారం కాదు, పొద్దు కుంకే వరకే.

గమనించండి, నాకు డబ్బు లేక కాదు. దీపాల కొట్టుకు ఇచ్చాను. అడగగలిగినవానికి వెంటనే ఇచ్చాము, అడగలేనివారిని ఆగమన్నాము. అవ్వ ఆగుతుంది, మన మనిషి కదా అనుకున్నాము. 'మన మనిషి' అనే మాటను మనం ఇందుకు వాడుకుంటున్నామా?

అప్పటికప్పుడు ఇంటికి వచ్చి రెండువేలు తీసుకుని అవ్వ ఇంటికి వెళ్లాను. కవరులో పెట్టి ఇచ్చాను. లెక్క చూసుకోమన్నాను. ఆమె చూసుకుంది. "నన్ను క్షమించు అవ్వా, ముందే ఇవ్వవలసింది" అన్నాను.

"దానిదేముంది సామీ, గుడి పని. నేను యాడికి పోతాను?" అంది. కాసేపు ఆగి, "కాకపోతే మా పక్కింటి పిల్లోడు బెంగుళూరికి ఇరవయ్యో తారీకే పోయినాడు. వాని చేతికి ఇచ్చి పంపిద్దామనుకొంటి" అంది.

ఆమె కొడుకు, కోడలు బెంగుళూరులో భవనాల పనికి వెళ్లారు. మీలో ఎందరి ఇళ్లలో ఇదే కథో నాకు తెలుసు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే మెట్ట మనది. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్యపు వానలు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి బలం తగ్గిపోతాయి. వేరుశనగ చేతికి రాని ఏడు ఇంట్లోని వయసువాళ్లు బెంగుళూరికో కేరళకో బస్సు ఎక్కుతారు. ముసలివాళ్లు, మేకలు, తాళంచెవులు ఊళ్లో మిగులుతాయి. అవ్వ మనవడికి నాలుగేళ్లు. ఈస్టరుకు చూసింది, అంతే.

"ఊలు ఇప్పుడు తెచ్చుకోవచ్చు కదా అవ్వా, పోస్టులో పంపిద్దాము" అన్నాను.

"పంపించొచ్చు. కానీ వాని తలకాయ ఇప్పుడు ఎంత ఉంటాదో నాకెట్ల తెలుస్తాది సామీ?" అంది.

సమూవేలు మొదటి గ్రంథం రెండవ అధ్యాయంలో ఒక చిన్న వాక్యం ఉంది. మనం దాన్ని దాటుకుని పోతాము. హన్నా తన కుమారుని షిలోలోని దేవాలయంలో అప్పగించిన తరువాత, ఏటేటా బలి అర్పించడానికి వెళ్లేటప్పుడు అతనికి ఒక చిన్న అంగీ చేసి తీసుకువెళ్లేదట. బిడ్డ దగ్గర లేడు. ఏడాదికి ఒక్కసారే చూస్తుంది. మరి కొలత ఎలా తెలిసేది? పోయిన ఏటి అంగీకి ఇంత కలుపుకుని, మనస్సులోనే బిడ్డను పెంచుకుంటూ కుట్టి ఉంటుంది. పొరుగు రాష్ట్రాల్లో మనవలను పెట్టుకున్న ప్రతి అవ్వా చేసే లెక్క అదే. నేను ఆ అవ్వ దగ్గర పట్టి ఉంచినది రెండువేల రూపాయలని అనుకున్నాను. ఆ డబ్బు తిరిగి ఇవ్వగలిగాను. ఇరవయ్యో తారీకును తిరిగి ఇవ్వలేకపోయాను.

కనుక ప్రియులారా, ఈ ఆగమనకాలంలో ఆత్మశోధన చేసుకునేటప్పుడు ఒక్క చిన్న జాబితా కూడా మనస్సులో వేసుకోండి. మీ పిల్లల బట్టలు కుట్టిన దర్జీకి ఎంత బాకీ? ఇంటికి సున్నం వేసినవానికి? పాలు పోసే ఆమెకు? విచారణ పెద్దలను కూడా అడుగుతున్నాను, గుడి ఊడ్చే అమ్మకు, పందిరి వేసిన కూలీలకు, పల్లెపల్లెకు సైకిలు తొక్కే ఉపదేశికి ఈ నెల జీతం పండుగకు ముందు అందుతుందా, తరువాత అందుతుందా? కంబళి అమ్ముకునే కురుబాయన మీ వీధికి వస్తే, అతను చెప్పిన ధరకు సగం నుంచి బేరం మొదలుపెట్టకండి. గొంగట్లో అన్నం తింటూ వెంట్రుకలు ఏరినట్లు ముతకగా ఉందని వంకలు పెట్టకండి. గొర్రె ఉన్ని ముతకగానే ఉంటుంది. పేదలకు దుప్పట్లు పంచి ఫోటోలు తీయించుకునే సంఘాలవారికి కూడా ఒక మనవి. ఆ దుప్పట్లను మన ఊరి మగ్గం మీద, మన ఊరి చేతుల నుంచి కొనండి. సమయానికి డబ్బు ఇవ్వండి. దానధర్మం తరువాత చేయవచ్చు, బాకీ ముందు తీర్చాలి.

అపొస్తలుల కార్యాలు తొమ్మిదవ అధ్యాయంలో యొప్పా పట్టణపు తబిత చనిపోయినప్పుడు, విధవరాళ్లు పేతురుగారి చుట్టూ నిలబడి ఏడుస్తూ ఏం చూపించారో చదవండి. ఆమె కుట్టిన అంగీలు, వస్త్రాలు. ఆమెను గురించి వాళ్లు ఉపన్యాసం ఇవ్వలేదు. గుడ్డలు చూపించారు. రేపు మా అవ్వ పోతే ఆ పల్లెల పిల్లలు నలభై టోపీలు పట్టుకుని నిలబడవచ్చు. నన్ను చూపించమంటే నేను ఏం పట్టుకుని నిలబడాలి? దీపాల తోరణం రసీదా?

అల్లిక పనిలో ఒక మంచి గుణం ఉందని భాయి చెప్పేవాడు. గుడ్డ తప్పుగా కత్తిరిస్తే పోయినట్లే. ఊలు అలా కాదు. తప్పు కుట్టు ఎక్కడ పడిందో అక్కడిదాకా ఊడదీసి, అదే దారంతో మళ్లీ అల్లుకోవచ్చు. పెద్దవాడికి బిగుతైన స్వెట్టరును మొత్తం ఊడదీసి, చిలప చుట్టి, ఉతికి, బరువు కట్టి వేలాడదీస్తే వంకర్లు పోయి మళ్లీ కొత్త ఊలులా తయారవుతుంది, చిన్నవాడికి వస్తుంది. పాపసంకీర్తనం చేసుకోవడానికి వెళ్లేముందు ఆ మాట నాకు చాలా ధైర్యం ఇచ్చింది. కాని ఊడదీయడానికి ముందు తప్పు ఏ వరుసలో ఉందో కళ్లతో చూడాలి కదా! నేను ఆ ఏడు నా ఒప్పుకోలులో 'ఆలస్యం చేశాను' అని చెప్పబోయి, ఆగి, 'పేదరాలి కూలి పట్టి ఉంచాను' అని చెప్పాను. రెండూ ఒకే సంగతి. కాని మొదటి మాట చెప్పి ఉంటే నాకు నిద్ర పట్టేది, మారడం మాత్రం పట్టేది కాదు.

ఆ క్రీస్తు జయంతి రాత్రి పూజకు ట్రాక్టర్లు వచ్చాయి. నలభై టోపీలు నలభై తలల మీదికి ఎక్కాయి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. మరియమాత తన బిడ్డను పొత్తిగుడ్డలతో చుట్టిన సువిశేషం చదువుతున్నప్పుడు ముందు వరుసల్లో ఆ రంగులన్నీ కదులుతూ కనబడ్డాయి. నా గొంతు రెండుసార్లు ఆగింది. చలివల్లనని అందరూ అనుకుని ఉంటారు.

పూజ అయ్యాక పిల్లలు బాలయేసు పాదాలు ముద్దు పెట్టుకుని, బిస్కట్లు తీసుకుని బయటికి వస్తున్నారు. అవ్వ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఒక పిల్లవాణ్ణి చేయిపట్టి ఆపింది. "నీకు ఎన్నేళ్లు రా?" అని అడిగింది. వాడు నాలుగు వేళ్లు చూపించాడు. అవ్వ వాడి టోపీ తీసి, కొంగుముడిలోంచి ఒక నీలం ఊలు పోగు పైకి తీసి, వాడి తలచుట్టూ, చెవులమీదుగా, జాగ్రత్తగా తిప్పింది. రెండు కొసలు కలిసినచోట ఒక ముడి వేసింది. టోపీ మళ్లీ వాడికి తొడిగింది.

ఆ పోగును దీపం వెలుగులో పట్టుకుని చూసింది. మళ్లీ ఏదో ఆలోచించి, మొదటి ముడికి ఒక వేలెడు ఎడంగా ఇంకొక ముడి వేసింది.

"ఇదెందుకవ్వా?" అన్నాను.

"ఇది పోయి చేరేలోపల ఇంకా ఎదుగుతాడు గదా సామీ" అంది.